పండక్కి పెరగనిది కూలి ఒక్కటే

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే నరసాపురం బట్టల కొట్ల గుమ్మాలకు అట్టముక్కలు వేలాడతాయి. 'సేల్స్ గర్ల్స్, బాయ్స్ కావలెను.' జీతం ఎంతో రాయరు. ఎన్ని గంటలో రాయరు. ఎన్ని రోజులో అసలే రాయరు. అయినా మొగల్తూరు నుంచి, సీతారాంపురం నుంచి, పంటు దాటి సఖినేటిపల్లి నుంచి పిల్లలు వస్తారు. ఇంటర్ అయి ఇంట్లో ఉన్నవాళ్ళు, డిగ్రీ చదువుతూ ఫీజు కట్టాల్సినవాళ్ళు, పెళ్ళయి ఒక బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్ళు. కొట్టు భాషలో వీళ్ళందరి పేరూ ఒకటే: సీజన్ పిల్లలు.

డెల్టాలో ఈ సీజను మిగతా ఊళ్ళ సీజను లాంటిది కాదు. ఇక్కడ క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. చర్చికి కొత్త బట్టలు కొన్న ఇల్లు పక్కనే, కొత్త అల్లుడికి పంచెల చాపు కొనే ఇల్లు. హైదరాబాదు, బెంగళూరు నుంచి దిగే జనం. డిసెంబరు మొదటి వారం నుంచి భోగి దాకా లెక్కేస్తే నలభై రోజులు. ఈ నలభై అంకె గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఈ నలభై రోజుల్లో అన్నిటి ధరా పెరుగుతుంది. ప్రైవేటు బస్సువాడు టిక్కెట్టు రేటు పెంచేస్తాడు, అడిగితే 'పండగ కదండీ' అంటాడు. బంతిపూలకి రేటు. పందెం పుంజు ధర చెబితే పట్నం ఉద్యోగి నెల జీతం గుర్తుకొస్తుంది. గిరాకీ ఉంటే ధర పెరగడం వ్యాపార ధర్మమని మనకు పాఠాలు చెప్పేవాళ్ళే, ఈ నలభై రోజులు ఎక్కువ గిరాకీ ఉన్న ఇంకో సరుకు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటారు. ఆ సరుకు పేరు మనిషి శ్రమ. కొట్టుకు అదనపు మనుషులు అవసరమై అట్ట కట్టి పిలుస్తారు. పిలిచి, ఏడాది పొడుగునా పనిచేసేవాడి కంటే తక్కువ ఇస్తారు. ఇదెక్కడి ధర్మం?

అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. "సీజన్ పిల్లలండీ. ఇంట్లో ఖాళీగా ఉంటారు కదా, పండగ ఖర్చులకి నాలుగు డబ్బులొస్తాయని వస్తారు." చూడండి ఎంత తియ్యగా ఉందో ఈ మాట. ఖాళీగా ఉన్నవాళ్ళకు ఉపకారం చేస్తున్నట్టు!

ఈ మాట నరసాపురానికి కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా ఈ ప్రాంతానికి లేసు అల్లిక వచ్చింది. తరతరాలుగా ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కురుషు పని చేస్తే, ఆ లేసు దేశాలు దాటి యూరప్, అమెరికా ఇళ్ళ భోజనాల బల్లల మీద పరుచుకుంది. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు ఇక్కడికి వచ్చి, ఈ ఆడవాళ్ళ బతుకును చూసి, 1982లో లండన్ నుంచి ఒక పుస్తకమే ప్రచురించారు. ఆమె తేల్చిన విషయం ఒకటే. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే కార్మికురాలిని 'తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే ఇల్లాలు' అని పిలిచినంత కాలం, ఆమెకు కూలి అడిగే హక్కు ఉండదు. ఎగుమతిదారుడికి కావలసింది దారం, సూది, ఆ ఒక్క మాట. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. సరుకుకు గుర్తింపు వచ్చింది. అల్లిన చేతికి ఎంత వచ్చిందో ఆ సర్టిఫికెట్ మీద లేదు.

అమ్మ అరుగు మీద 'తీరిక'గా లేసు అల్లింది. కూతురు కౌంటరు వెనక 'ఖాళీ'గా చీరలు చూపిస్తోంది. మాట మారలేదు, ఇల్లు మారలేదు.

ఇంతకీ ఆ ఖాళీ మనిషి రోజు ఎలా ఉంటుంది? ఉదయం తొమ్మిదిన్నరకు కొట్టులో ఉండాలి. పది నిమిషాలు ఆలస్యమైతే కోత. ఫోను తీసి క్యాషు దగ్గర పెట్టాలి. అక్కడి నుంచి నిలబడటమే. కస్టమరు లేకపోయినా నిలబడాలి, ఎందుకంటే కూర్చున్న మనిషి కనిపిస్తే 'బేరం లేని కొట్టు' అనుకుంటారట! మధ్యాహ్నం భోజనం వంతులవారీగా, గోడౌనులో బట్టల మూటల మధ్య. బేరం ఎక్కువైతే ఆ వంతు నాలుగింటికి వస్తుంది. బాత్‌రూమ్ సంగతి చెప్పుకుంటేనే సిగ్గు. కొన్నిచోట్ల ఉండదు, ఉన్నచోట తాళం ఉంటుంది. అందుకని పిల్లలు నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. ఏ డాక్టరును అడిగినా చెబుతాడు దీని ఫలితం ఏమిటో. మూత్రంలో మంట, పిక్కల్లో నొప్పి, ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళకు కాళ్ళ మీద ఉబ్బిన నరాలు.

ఇక మడతల సంగతి. ఇది కొట్టులో పనిచేసినవాళ్ళకు తప్ప బయటివాళ్ళకు తెలియదు. ఒక అమ్మగారికి చీర నచ్చాలంటే నలభై చీరలు విప్పాలి. ఆవిడ రెండు తీసుకుని వెళ్ళిపోతారు, లేదా "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోతారు. విప్పిన నలభై మళ్ళీ మడత పడాలి. సీజనులో పగలు మడతపెట్టే తీరిక ఎక్కడిది? రాత్రి షట్టరు సగం దించాక మొదలవుతుంది ఆ పని. గంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. షట్టరు దిగింది కాబట్టి అది పని గంటల్లోకి రాదు! సరుకు లెక్కలో ఒక్క జాకెట్టు ముక్క తగ్గితే 'షార్టేజీ' పేరున ఆ కౌంటరులో ఉన్నవాళ్ళందరికీ కోత. రాత్రి పంటు దాటాల్సిన పిల్లకు పంటు అందకపోతే, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఆ ఆటో డబ్బులు ఎవరిస్తారు?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. చట్టం లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఉంది, నిక్షేపంగా ఉంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని అంటుంది. దాటితే రెట్టింపు కూలి అంటుంది. పని మధ్యలో విశ్రాంతి ఉండాలంటుంది. 'సీజను' అనే పదానికి విడిగా రేటు ఎక్కడా లేదు. అయితే అదే చట్టంలో ఒక సందు ఉంది. ఆరు నెలలు వరుసగా పనిచేసినవాడిని తీసేయాలంటేనే నెల నోటీసు కావాలి. నలభై రోజుల మనిషిని కనుమ నాడు 'రేపట్నుంచి రావద్దు' అంటే సరి. యజమానులకు ఈ సందు కంఠతా వచ్చు. మిగతా చట్టం మాత్రం రాదు.

లెక్క కోసం రోజు కూలి 400 రూపాయలు అనుకుందాం. ఎనిమిది గంటలకు అది కూలి అయితే గంటకు 50. పిల్ల పదకొండు గంటలు ఉంటోంది, వారానికి ఆరు రోజులు. మొత్తం 66 గంటలు. అందులో 48 తీసేస్తే 18 గంటలు అదనం. రెట్టింపు లెక్కన గంటకు 100, అంటే వారానికి 1,800 రూపాయలు. ఆ వారం ఆమె చేతికి వచ్చింది 2,400. రావలసింది 4,200. ఆరు వారాల సీజనులో ఎగిరిపోయింది 10,800 రూపాయలు. సంక్రాంతి సెలవు కూడా లేకుండా ఏడు రోజులూ రమ్మంటే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. దొంగతనం అనే మాట వాడితే కోపాలొస్తాయి. షార్టేజీ అందాం. జాకెట్టు ముక్క తగ్గితే షార్టేజీ అయినప్పుడు ఇది ఎందుకు కాదు?

ఇంతలో పాలకులు ఏం చేశారయ్యా అంటే, పని గంటల మీద పడ్డారు. తెలంగాణలో 2025 జూలైలో దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి జీవో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబరులో ఏకంగా దుకాణాల చట్టాన్నే సవరించి ఎనిమిది గంటలను పది చేశారు. నీళ్ళ దగ్గర, నిధుల దగ్గర, ఆస్తుల పంపకం దగ్గర పదేళ్ళుగా ఏకాభిప్రాయం కుదరని రెండు రాష్ట్రాలకు ఈ ఒక్క విషయంలో ఎంత చక్కగా కుదిరిందో! వ్యాపారం సులభతరం కావాలట. ఎవరికి సులభం అని అడిగినవాళ్ళు సభలో ఎందరు?

ఇక్కడ ఒక కిటుకు ఉంది, జాగ్రత్తగా చూడాలి. రోజుకు పది గంటలయినా వారానికి 48 దాటితే అదనపు పనే, రెట్టింపు ఇవ్వాల్సిందే. మూడు నెలల్లో అదనపు పని 144 గంటలు దాటకూడదు. మనం వేసిన లెక్కలో ఆరు వారాలకు 108 గంటలు. అంటే సీజను పని మొత్తం ఈ కొత్త హద్దు లోపలే పడుతుంది. చేయించుకోవచ్చు, కానీ డబ్బులివ్వాలి. అయితే కొట్టు దాకా చేరేది 'పది' అన్న మాట ఒక్కటే. 'నలభై ఎనిమిది' దారిలోనే తప్పిపోతుంది. జీవో రావడం వేరు, అమలు కావడం వేరు అన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1985 నాటి 610 జీవో మనకు ఆ చదువు చెప్పింది.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి తెచ్చింది. వాటి మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాల్లో చాలా వరకు నాకూ అభ్యంతరాలే. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు పేరును 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అని మార్చినప్పుడే అర్థమైంది ఆయన ఎవరికి సాయం చేయబోతున్నాడో. అయినా ఆ కాగితాల్లో మన పిల్లలకు పనికొచ్చే ముక్కలు కొన్ని ఉన్నాయి. వాటిని వదులుకోవడం తెలివి కాదు. పని మానేసినా, మాన్పించినా రెండు పని దినాల్లో బాకీ మొత్తం చెల్లించాలి. కనుమ తర్వాత 'రేపు రా, ఎల్లుండి రా, అయ్యగారు ఊళ్ళో లేరు' అని తిప్పేవాళ్ళకు ఇది జవాబు. సరుకు పోయిందని కోత వేయాలంటే, ఆ సరుకు ఆ మనిషికే అప్పగించి ఉండాలి, ఆమె నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. కౌంటరు మొత్తానికి చందా వేసినట్టు పంచకూడదు. పదిమంది, అంతకు పైన పనిచేసేచోట నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలి. నియామక పత్రం ఇవ్వాలి. ఈఎస్‌ఐలో జబ్బు భృతి రావాలంటే 78 రోజుల చందా కావాలి కాబట్టి నలభై రోజుల పిల్లకు అది దక్కదు. కానీ నిచ్చెన మీంచి పడి చెయ్యి విరిగితే మొదటి రోజు నుంచే హక్కు ఉంది. సీజన్ పిల్ల పేరు రిజిస్టరులో ఉంటే కదా!

కూర్చునే హక్కు గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. మనవాళ్ళకు ఇది నవ్వులాటగా కనిపిస్తుంది, 'స్టూలు కోసం కూడా ఉద్యమమా' అని. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధిలో కుట్టుపని చేసుకునే విజి పళ్ళితొడి అనే మహిళ, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. మొదట అడిగింది బాత్‌రూమ్. తర్వాత అడిగింది కూర్చునే హక్కు. త్రిసూరులో ఒక పెద్ద చీరల దుకాణం ఆడవాళ్ళు నెలల తరబడి రోడ్డు మీద కూర్చుని సమ్మె చేశారు. 'కూర్చునే సమ్మె' అనే పేరు పడింది దానికి. 2018లో కేరళ ప్రభుత్వం దిగివచ్చి చట్టం సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. పెద్ద పార్టీల అండ లేకుండా, సేల్స్ గర్ల్స్ రాయించుకున్న చట్టం అది. మన దగ్గర కోడ్‌లో ఒక వాక్యం ఉంది, దాన్ని నిలదీసి అడిగే మనిషి కావాలి.

ఈ బతుకును మనం తెర మీద చూడలేదా? చూశాం. 2010లో తమిళంలో వసంతబాలన్ తీసిన 'అంగాడి తెరు' తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చింది. మద్రాసు టి.నగర్ రంగనాథన్ వీధి కొట్లలో పనిచేసే పిల్లల కథ. అందులో సేల్స్ గర్ల్‌గా నటించి అందరినీ ఏడిపించిన అంజలి ఎవరనుకున్నారు? నరసాపురం రేవు దాటితే వచ్చే రాజోలు ప్రాంతపు అమ్మాయి. సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ప్రేక్షకులు మరునాడు కొట్టుకెళ్ళి నలభై చీరలు విప్పించే ఉంటారు.

కొట్టు యజమానుల మాట కూడా వినాలి. నరసాపురం, పాలకొల్లు చిన్న కొట్లవాళ్ళ పరిస్థితి ఏమంత బాగోలేదు. భీమవరం, రాజమండ్రి పెద్ద మాల్స్ ఒక పక్క లాగుతున్నాయి, సెల్‌ఫోనులో ఆర్డరు ఇంకో పక్క లాగుతోంది. ఏడాది నష్టం సంక్రాంతికి పూడ్చుకోవాలని చూస్తారు, అది అర్థమవుతుంది. నలుగురు మనుషులతో కొట్టు నడిపే షావుకారునీ, నాలుగంతస్తుల మాలునూ ఒకే గాటన కట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ అప్పు చేసి సరుకు తెచ్చినప్పుడు సూరత్ వ్యాపారికి తగ్గించి ఇస్తున్నారా? కరెంటు బిల్లులో తగ్గిస్తున్నారా? అద్దెలో తగ్గిస్తున్నారా? అందరికీ ఇచ్చాక మిగిలిన కష్టమంతా అడగలేని పిల్ల నెత్తిన వేస్తున్నారు.

ఇక బడా కంపెనీల సంగతి. 2025 పండుగ సీజనుకు ఫ్లిప్‌కార్ట్ రెండు లక్షలకు పైగా, అమెజాన్ లక్షన్నర తాత్కాలిక ఉద్యోగాలిస్తామని ప్రకటించాయి. పత్రికలు 'కొలువుల జాతర' అని పతాక శీర్షికలు పెట్టాయి. జాతర అన్నమాట మాత్రం నిజం. జాతర అయిపోయాక పందిళ్ళు పీకేస్తారు.

తాత్కాలిక పనికి తక్కువ ఇవ్వడం ప్రకృతి ధర్మమేమీ కాదు. ఆస్ట్రేలియాలో క్యాజువల్ కార్మికుడికి మూల వేతనం మీద 25 శాతం అదనంగా ఇవ్వాలి. ఎందుకంటే అతనికి జీతంతో సెలవు లేదు, రేపు పని ఉంటుందన్న భరోసా లేదు, ఆ లోటుకు పరిహారం. మన గోదావరి జిల్లాల పిల్లలు ఎంతమంది మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదువుకుంటూ దుకాణాల్లో పనిచేయడం లేదు? అక్కడ తాత్కాలికం కాబట్టి అన్నకు ఎక్కువ, ఇక్కడ తాత్కాలికం కాబట్టి చెల్లెలికి తక్కువ. ఒక ఇంట్లోనే రెండు న్యాయాలు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీకు ఆరు నెలలకోసారి డీఏ ఉన్నట్టే, కౌంటరు పిల్లకూ కనీస వేతనం మీద కరువు భత్యం ఉంది. ఏప్రిల్, అక్టోబరుల్లో మారుతుంది. మీ బకాయి ఒక్కటి ఆగితే భోజన విరామ ప్రదర్శన చేస్తారు, చేయాలి కూడా. ఆ పిల్లకు తన భత్యం ఉందన్న సంగతే తెలియదు. ఇంకొకటి. 2011లో తెలంగాణలో సకల జనుల సమ్మె సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 42 రోజులు నడిచింది. 2013లో కోస్తాలో సమైక్యాంధ్ర సమ్మె ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నడిచింది. న్యాయం ఎటున్నదన్న చర్చ వేరు. రెండు సమ్మెల మధ్యలోనూ దసరా వచ్చింది. బంద్‌లకు, రాస్తారోకోలకు షట్టర్లు దిగిన రోజుల్లో సీజన్ పిల్లల కూలి దిగిపోయింది. వాళ్ళకు ఏ జేఏసీలోనూ ప్రతినిధి లేడు. రెండు ప్రాంతాల ఉద్యమ చరిత్రల్లోనూ వాళ్ళ పేజీ లేదు.

విద్యార్థి సంఘాల మిత్రులు చేయగల పని ఉంది. ఈ పిల్లలు మీ క్లాసులో మీ పక్క బెంచీలో కూర్చునేవాళ్ళే. ధర్నా చౌక్ దాకా పోనక్కర్లేదు. ఒక చిన్న నోటు పుస్తకం కొనిపించండి. రోజూ ఎన్నింటికి వెళ్ళిందీ, మడతలయ్యాక ఎన్నింటికి బయటపడిందీ తేదీ వేసి రాసుకోమనండి. కొట్టు ఇచ్చిన ఐడీ కార్డు, వాట్సప్‌లో వచ్చిన 'రేపు ఎనిమిదికే రావాలి' మెసేజి, ఫోన్‌పేలో పడిన జీతం దాచుకోమనండి. లేబర్ ఆఫీసుకు కనుమ తర్వాత కాదు, డిసెంబరు మొదటి తేదీనే గుంపుగా వెళ్ళి, ఈ సీజనులో కొట్లు తనిఖీ చేయమని వినతిపత్రం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ఆ నలభై రోజుల దగ్గరికి వద్దాం. ఇరవై, అంతకు పైన మనుషులు పనిచేసే సంస్థలో ఏడాదిలో 30 పని దినాలు చేసినవారికి బోనస్ హక్కు. 1965 నాటి చట్టంలో ఉండేది, ఇప్పుడు వేతనాల కోడ్‌లోనూ ఉంది. కనీసం 8.33 శాతం. వారానికో సెలవు పోయినా డిసెంబరు మొదటి నుంచి భోగి దాకా ముప్ఫై పైన అవుతాయి. 400 కూలి మీద ముప్ఫై ఐదు రోజులకు 14,000. అందులో 8.33 శాతం అంటే 1,166 రూపాయలు. ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగిశాక ఎనిమిది నెలల్లో, అంటే నవంబరు నెలాఖరులోగా చెల్లించాలి. సరిగ్గా అప్పుడే కొత్త సీజనుకు రమ్మని కొట్టు నుంచి పిల్లలకు ఫోన్లు వెళతాయి. ఆ ఫోను ఎత్తినప్పుడు ముందు నిరుటి బోనస్ ఎప్పుడిస్తారో అడగమనండి. ఎప్పుడు రావాలో తర్వాత మాట్లాడుకోవచ్చు.